మిద్దె కురిస్తే మేడ కట్టాలా?

ఇంట్లో ఏ మూల కురుస్తుందో ఇల్లాలికి తెలిసినంతగా ఆ ఇల్లు కట్టిన మేస్త్రీకి కూడా తెలియదు. నాలుగు చినుకులు పడగానే ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో, బియ్యం డబ్బా ఎటు జరపాలో చెప్పేది ఆవిడే. అయినా మరమ్మతు మాట వచ్చినప్పుడు ఆవిణ్ణి అడిగేవాళ్ళు తక్కువ. "ఈ అతుకుల బొంత ఎన్నాళ్ళు? పడగొట్టి కొత్తది కట్టేద్దాం" అని మగవాళ్ళు ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ కట్టే రెండేళ్ళూ పొయ్యి ఎక్కడ వెలిగించుకోవాలన్న బెంగ మాత్రం మనకి వదిలేస్తారు.

కాలేజీల సంగతీ ఇంతేనండీ. కొత్త బ్లాకు కడితే మంత్రిగారొస్తారు, కొబ్బరికాయ కొడతారు, నల్లరాతి మీద బంగారు అక్షరాలతో పేర్లు చెక్కిస్తారు. పాత బ్లాకు మీద నీళ్ళు నిలవకుండా తూములు శుభ్రం చేయించిన ప్రిన్సిపాలు పేరు ఏ రాతి మీదా ఉండదు. అందుకే కొత్తవి లేస్తూ ఉంటాయి, పాతవి కురుస్తూ ఉంటాయి. ఏది నిలబెట్టుకోవాలి, ఏది పడగొట్టాలి అన్న ప్రశ్నకి మా కర్నూలు, కడపల చరిత్రలోనే కొంత జవాబుంది. ఆ కథ చెప్పుకుందాం.

1937 నవంబరులో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. ఆంధ్రరాష్ట్రం వస్తే రాజధానో హైకోర్టో రాయలసీమ కోరుకున్నచోట ఉండాలని అందులో రాసుకున్నారు. పదహారేళ్ళ తర్వాత, 1953 అక్టోబరు 1న, ఆంధ్రరాష్ట్రం పుట్టింది. కర్నూలు రాజధాని అయింది. నెహ్రూ వచ్చి ప్రారంభించారు, ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి అయ్యారు. బాగానే ఉంది గానీ, జిల్లా కేంద్రంగా ఉన్న ఊళ్ళోకి ఒక రాష్ట్రప్రభుత్వం మొత్తం దిగితే ఎక్కడ కూర్చోవాలి? ఉన్న సర్కారు భవనాలు తీసుకున్నారు, అద్దెకు దొరికిన ఇళ్ళు తీసుకున్నారు, అవీ చాలక గుడారాలు వేశారు. కర్నూలు ఎండలో గుడారం కింద ఫైలు చూడ్డమంటే ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి! ఏ-క్యాంపు, బి-క్యాంపు, సి-క్యాంపు అని మా ఊళ్ళో పేటలున్నాయి. కొత్తవాళ్ళు వింటే మిలిటరీ వాళ్ళేమో అనుకుంటారు. అవన్నీ ఆ రాజధాని రోజుల పేర్లే. రాజధాని పోయినా పేర్లు పోలేదు.

పోవడం కూడా ఎంత త్వరగా పోయిందని! మూడేళ్ళు, పైన ఒక నెల. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, రాజధాని హైదరాబాదుకి తరలిపోయింది. పెళ్ళివారు విడిది ఖాళీ చేసి వెళ్ళాక ఇల్లెలా ఉంటుందో చూసే ఉంటారు. ఊరంతా అలాగే అయిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. మరుసటి ఏడే, 1957లో, కర్నూలుకి మెడికల్ కాలేజీ వచ్చింది. అంతకుముందే 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ పుణ్యమా అని ఉస్మానియా కాలేజీ ఉండేది. 1972లో, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళు నిండిన సందర్భంగా, బి-క్యాంపులో సిల్వర్ జూబిలీ కాలేజీ పెట్టారు. కోస్తా, సీమ, తెలంగాణ మూడు ప్రాంతాల పిల్లలూ ఒకచోట ఉండి చదువుకోవాలన్నది దాని ఉద్దేశం. రాష్ట్రం రెండుగా చీలుతుందా అన్నంత గొడవలు జరిగిన రోజులవి. గుమాస్తాలు కాపురాలు చేసిన క్యాంపులో పిల్లల హాస్టలు గంట మోగింది. రాజధాని పోయినందుకు ఇప్పటికీ నిట్టూర్చేవాళ్ళున్నారు గానీ, ఆ తర్వాత వచ్చిన చదువులు మాత్రం మా ఊరికి దక్కాయి. ఊరికి ఒకటి పోయినప్పుడు ఆ చోటును దేనికి వాడుకున్నారన్నదే అసలు లెక్క.

అయితే ఒకందుకు కట్టిన గది ఇంకొకందుకు సరిపోతుందా? ఇక్కడే ప్రణాళిక అనేది అవసరమవుతుంది. ఆఫీసు గదిలో నలుగురు కూర్చుంటారు, తరగతిలో అరవైమంది. ఆఫీసుకు ఒక తలుపు చాలు. అరవైమంది ఒక్కసారిగా బయటికి రావాలంటే రెండుండాలి. కుడిచేత్తో రాసే పిల్లకి ఎడమవైపునుంచి వెలుగు రావాలి, లేకపోతే తన చేతి నీడ తన నోటుపుస్తకం మీదే పడుతుంది. కెమిస్ట్రీ లాబ్‌లో పొగ పోవడానికి పైన కిటికీ కావాలి. లైబ్రరీలో పుస్తకాల బీరువాల బరువు మోసే నేల కావాలి. ఇవేమీ చూడకుండా "గదులున్నాయి కదా, సర్దుకోండి" అంటే, మూడు గదుల ఇంట్లో పెళ్ళి చెయ్యమన్నట్లే ఉంటుంది.

ఇక మా సీమ పాత మిద్దెల సంగతి. ఇక్కడ ఏడాది మొత్తానికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. వేసవిలో 42, 43 డిగ్రీలు మామూలు. అందుకే మా పెద్దలు వానకంటే ఎండకి ఎక్కువ భయపడి ఇళ్ళు కట్టారు. మందపాటి రాతిగోడలు, కొయ్య దూలాలు, వాటిమీద దంతెలు, బండలు, ఆపైన జానెడు మట్టి, అన్నిటికీ పైన చౌడు. ఆ చౌడు తడిస్తే గట్టిగా పట్టుకుని నీటిని జార్చేస్తుంది. ఏడాదికోసారి వానలకు ముందు మిద్దె ఎక్కి కొత్త చౌడు చల్లి తొక్కాలి. సర్కారు భవనాలకైతే మద్రాసు టెర్రేసు. టేకు దూలాల మీద చిన్న చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి, గానుగ సున్నంతో గచ్చు చేసేవారు. సున్నంలో బెల్లం నీళ్ళూ, కరక్కాయ నీళ్ళూ కలిపేవారట. పండగ వంటలా ఉందే అనిపిస్తుంది గానీ, ఆ గచ్చు మూడు తరాలు నిలిచేది. రెండు పద్ధతుల్లోనూ ఒకటే షరతు: ఏటా ఎవరో ఒకరు పైకెక్కి చూడాలి.

కాంక్రీటు వచ్చాక ఆ షరతు లేదని అందరూ నమ్మారు. "స్లాబు వేసేశాం, ఇక నిశ్చింత" అనుకున్నారు. కాంక్రీటుకీ పథ్యం ఉంది. పైన తూములో వేపాకులు అడ్డుపడితే నీళ్ళు నిలుస్తాయి. నిలిచిన నీళ్ళు సన్న బీటల్లోంచి లోపలి ఇనుప చువ్వని చేరతాయి. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది. ఉబ్బి, కింద ఉన్న సిమెంటుని తోసేస్తుంది. అప్పుడు పెచ్చులూడి పిల్లల బల్లల మీద పడతాయి. పెచ్చులూడగానే దానికి సిమెంటు పూసి సున్నం కొట్టేస్తే జబ్బు లోపలే ఉంటుంది. తుప్పు గీకి, చువ్వలు బాగుచేసి, పైన నీళ్ళు దిగకుండా చేస్తే చాలా స్లాబులు మళ్ళీ బతుకుతాయి. బతకనివీ కొన్నుంటాయి. సుత్తితో తట్టి, యంత్రాలు పెట్టి పరీక్షించి ఏది ఏదో చెప్పగలిగే ఇంజనీర్లున్నారు. వాళ్ళ మాట విన్నాకే పలుగు పట్టుకోవాలి.

చూడకుండా వదిలేస్తే ఏమవుతుందో కడప చెబుతుంది. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కుంపినీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. కొన్నాళ్ళు వేరే ఊళ్ళు తిరిగి 1826లో మళ్ళీ వచ్చాడు. అక్కడ ఒక బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్రాల్లో పురుగులు తినేస్తున్న కావ్యాలను పోల్చి, దిద్ది, శుభ్రంగా రాయించాడు. ఊళ్ళోవాళ్ళు ఆ బంగళాను బ్రౌన్ కాలేజీ అనేవారు. డిగ్రీలు లేవు, పరీక్షలు లేవు, కానీ చదువంటే అదీ! వేమన పద్యాలు అచ్చులోకి రావడానికీ, 1852 నాటి నిఘంటువు మన అలమరల్లోకి రావడానికీ ఆ పనే పునాది. ఆయన 1884లో లండనులో కన్నుమూశాడు. తాళపత్రాలను పురుగుల నుంచి కాపాడిన ఆ బంగళాను మాత్రం ఎవరూ కాపాడలేదు. ఎర్రముక్కపల్లెలో మొండిగోడలు మిగిలాయి.

1980లలో జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు, మరికొందరు పెద్దలు పూనుకుని, చందాలకు ఇల్లిల్లూ తిరిగి, ఆ స్థలంలో బ్రౌన్ పేర గ్రంథాలయం కట్టించారు. దాదాపు దశాబ్దం పట్టింది. తర్వాత అది యోగివేమన విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయం కూడా ఒక్కరోజులో వెలిసింది కాదు. 1977లో శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయంవారి పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రంగా మొదలై, 2006లో సొంత పేరుతో నిలబడింది. గ్రంథాలయం వచ్చినందుకు సంతోషమే. కానీ పండితులు కూర్చున్న వసారా ఏ దిక్కుకు ఉండేదో, వాళ్ళకు ఏ కిటికీలోంచి వెలుగు వచ్చేదో మన పిల్లలకు చూపించడానికి ఏమీ మిగల్లేదు. కొత్తది కట్టుకోవచ్చు, పోయినదాన్ని మళ్ళీ కట్టలేం.

మరి పాతదల్లా ఉంచుకోవాలా? అలాగంటే ఇల్లు మ్యూజియం అవుతుంది. దీనికి అమెరికావాళ్ళు ఒక చిన్న లెక్క వేసుకుంటారు. అక్కడ కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. ఇంటినుంచి వచ్చి, రెండేళ్ళు చదువుకుని, ఉద్యోగానికో పెద్ద యూనివర్సిటీకో వెళ్ళే కాలేజీలు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో 1901లో మొదలైన కాలేజీని వాటిలో పెద్దక్కగా చెబుతారు. ఇలాంటి కాలేజీలు పదేళ్ళకు, ఇరవై ఏళ్ళకు ముందే మొత్తం ఆవరణకు ప్రణాళిక రాసుకుంటాయి. ప్రతి భవనానికీ రెండు అంకెలు రాస్తారు. ఇప్పుడు పేరుకుపోయిన మరమ్మతులకు ఎంతవుతుంది? అదే భవనం కొత్తగా కడితే ఎంతవుతుంది? మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. నూటికి అయిదు లోపలుంటే బాగున్నట్టు, అయిదు నుంచి పది అయితే ఫరవాలేనట్టు, పది దాటితే జబ్బు చేసినట్టు. సగం దాటిపోయిందంటే ఇక కొత్తదాని గురించి ఆలోచిస్తారు.

ఇదేం బ్రహ్మవిద్య కాదు. కుక్కరుకి గాస్కెట్ పోతే కొత్త కుక్కరు కొంటామా? హ్యాండిలు, వాల్వు, గాస్కెట్, అడుగు అన్నీ పోయినా మరమ్మతు చేయిస్తామా? ప్రతి గృహిణీ వేసే లెక్కే అది. తేడా ఎక్కడంటే, వాళ్ళు ఆ అంకెలు ఏటా రాసి అందరికీ చూపిస్తారు. కాలిఫోర్నియాలో అయితే భవనాల అప్పుకు ఆ ప్రాంతం ఓటర్లు సమ్మతించాలి. 2000 సంవత్సరం నుంచి నూటికి 55 మంది ఒప్పుకుంటే చాలన్నారు. ఓటు అడగాలంటే కారణం చెప్పాలి కదా! మన దగ్గర ఏ బ్లాకు ఎందుకు పడగొడుతున్నారో అందులో చదివే పిల్లకే తెలియదు.

నేను చదువుకున్న ఆడపిల్లల కాలేజీలో—పేరెందుకు లెండి—ఈమధ్య భవనాల ప్రణాళిక వేస్తూ, పూర్వ విద్యార్థినుల తరఫున నన్నూ ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. కాగితాలు తెల్లగా, రంగుల గీతలతో చాలా బాగున్నాయి. పాత బ్లాకు పూర్తిగా తీసేసి, మూడంతస్తుల మేడ, ముందు ఫౌంటెను. మంచినీళ్ళకే ట్యాంకరు వచ్చే కాలేజీకి ఫౌంటెను! "కట్టే రెండేళ్ళూ తరగతులెక్కడ?" అని అడిగాను. "రెండు షిఫ్టులు పెడతాం" అన్నారు. వెనక వరసలో కూర్చున్న ఒక ఆఖరి ఏడాది అమ్మాయి లేచి నిలబడింది. "మేడమ్, మాది కోడుమూరు వైపు పల్లె. రెండో షిఫ్టు అయ్యేసరికి మా ఊరి బస్సు వెళ్ళిపోతుంది. బస్సు లేదంటే మా నాయన చదువు మాన్పిస్తాడు" అంది. అంతే, కూర్చుంది.

గది నిశ్శబ్దమైపోయింది. ఆ అమ్మాయి చెప్పిన మాట ఏ ఎస్టిమేటులోనూ లేదు. ఒక బ్లాకు పడగొట్టడానికి అయ్యే ఖర్చులో, బస్సు తప్పి చదువు ఆగిపోయే పిల్లల ఖర్చు ఎక్కడ రాస్తారు? ఆ తర్వాత మిగతా పిల్లలూ నోరు విప్పారు. మరుగుదొడ్లలో నీళ్ళు రావు కాబట్టి పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగకుండా కూర్చుంటున్నామన్నారు. నెలసరి రోజుల్లో ఇంటి దగ్గరే ఉండిపోతామన్నారు. హాజరు ఎందుకు తగ్గుతోందని అంతదాకా పెద్ద చర్చ నడిచింది. జవాబు కుళాయిలో ఉంది!

డబ్బు సంగతికొస్తే, అది ఎలా ఖర్చు పెట్టాలో పైవాళ్ళు కూడా ఒక దారి చూపించారు. 2013లో కేంద్రప్రభుత్వం రూసా అనే పథకం పెట్టింది. అందులో కాలేజీల వసతులకు ఇచ్చే గ్రాంటు రెండు కోట్లు. ఆ రెండు కోట్లనూ కొత్త కట్టడాలకే పోయకుండా ముందే పంచి పెట్టారు. కొత్తవాటికి నూటికి 35, పాతవాటిని బాగుచేయడానికి 35, సామగ్రికి 30. కొత్తదానికీ పాతదానికీ సమానమైన వాటా అన్నమాట! మంచి ఇల్లాలు జీతం రోజున డబ్బు కవర్లలో వేసి పెట్టుకున్నట్టు లేదూ? అదే పథకంలో కాలేజీలను కలిపి క్లస్టర్ యూనివర్సిటీలు చేయడానికి 55 కోట్ల చొప్పున పెట్టారు. మా కర్నూలులో సిల్వర్ జూబిలీ కాలేజీ, పురుషుల ప్రభుత్వ కాలేజీ, కె.వి.ఆర్. మహిళా కాలేజీ అలాగే ఒక గొడుగు కిందికి వచ్చాయి.

ఇంకొక పాఠం నీళ్ళు నేర్పాయి. కరువు సీమ అని పేరు గానీ, 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ కలిసి కర్నూలు ఊళ్ళోకి వచ్చేశాయి. మనుషులు మిద్దెల మీద రాత్రులు గడిపారు. నీళ్ళు తీశాక వీధుల్లో ఎటు చూసినా బురద, ఆ బురదలో తడిసి ఉబ్బిన పుస్తకాలు, సర్టిఫికెట్లు. నది ఒడ్డున ఉన్న ఊళ్ళో లైబ్రరీనీ, మార్కుల రికార్డులనీ, కరెంటు బోర్డులనీ కింది అంతస్తులో పెట్టకూడదని అప్పుడు అందరికీ తెలిసింది. కింద క్యాంటీనో, సైకిలు స్టాండో పెట్టుకోవచ్చు. ఇంకోపక్క 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, నడవలేని పిల్లలు కూడా లోపలికి రాగలిగేట్టు భవనాలుండాలంటోంది. లిఫ్టు లేని కాలేజీలో ఆ పిల్ల తరగతి కింద ఉండాలి. లైబ్రరీ పైన, ఆ పిల్ల కింద అయితే పుస్తకం ఎవరు తెచ్చివ్వాలి? చూశారా, కాగితం మీద గీత గీసేముందు ఎన్ని ఆలోచించాలో!

పిల్లల అమ్మల్ని అడిగితే పని బాగా జరుగుతుందని బళ్ళ దగ్గర కొంత రుజువైంది. 2019 నవంబరు 14న ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు అని మొదలుపెట్టి, మొదటి విడతలో 15,715 బళ్ళు తీసుకున్నారు. పనుల జాబితాలో మొట్టమొదట రాసింది నీళ్ళు వచ్చే మరుగుదొడ్లు. తర్వాత తాగునీరు, చిన్నా పెద్దా మరమ్మతులు, ఫ్యాన్లు, బల్లలు, ప్రహరీగోడ. పని చేయించే బాధ్యత తల్లిదండ్రుల కమిటీలకిచ్చారు. అన్నిచోట్లా ఒకేలా జరిగిందని అనను. కానీ ఇసుక లారీ వస్తే ఒక అమ్మ వెళ్ళి "ఇందులో మట్టి ఎక్కువుందేం?" అని అడిగే అవకాశం వచ్చింది. ఆ ప్రశ్న కాంట్రాక్టరుని ఏ ఆడిటరూ అడగనంత గట్టిగా అడుగుతుంది మరి.

మా కాలేజీ ప్రణాళిక చివరికి వరస మార్చుకుంది. మొదటి ఏడు నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్లు, మిద్దెల మీద తూములు. ఇంజనీర్లు పరీక్షించి గట్టిగా ఉందన్న సగం బ్లాకునీ, దాని ముందున్న రాతి వసారానీ ఉంచుతారు. ప్రమాదమన్న సగాన్ని వేసవి సెలవుల్లో తీస్తారు. దానికంటే ముందే ఖాళీ స్థలంలో నాలుగు గదులు కడతారు, షిఫ్టులు లేకుండా. ఫౌంటెను బదులు వాననీళ్ళ గుంత. ఆడంబరం తగ్గిందని ఒకరిద్దరు నొచ్చుకున్నారు లెండి. కోడుమూరు బస్సు మాత్రం ఎవరికీ తప్పదు.

మీ అమ్మాయి చదివే కాలేజీలో తల్లిదండ్రుల సమావేశమని కబురొస్తే, "ఆయన వెళ్తార్లే" అనుకోకండి. మీరే వెళ్ళండి. మార్కుల కాగితం చూశాక ఒకసారి తలెత్తి కప్పు చూడండి. వసారా చివరిదాకా నడిచి కుళాయి తిప్పండి. నీళ్ళు రాకపోతే ఆ మాట ప్రిన్సిపాలుగారితో చెప్పి, మినిట్స్ పుస్తకంలో రాయించి, మీ పేరు పెట్టి సంతకం చెయ్యండి.